దాచేపల్లి పట్టణమైంది, కూలీలు చేలోనే ఉన్నారు

2020 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దాచేపల్లి, నడికుడి పంచాయతీలు కలిసి దాచేపల్లి నగర పంచాయతీ అయ్యాయి. పక్కనున్న గురజాల గూడా అదే వరసలో నగర పంచాయతీ అయింది. రాత్రి పల్లెటూరి మనిషిగా పడుకున్న వ్యవసాయ కార్మికురాలు తెల్లారి లేచేసరికి పట్టణవాసి. ఎక్కే ఆటో అదే, పోయే మిరప చేను అదే, సాయంత్రానికి చేతిలో పడే కూలీ అదే. మారింది కాగితం మీద ఊరి పేరు.

కాగితం మీద పేరు మారితే మన కడుపుకేం సంబంధం అని కొందరు అంటారు. చాలా సంబంధం ఉంది. ఆ ఒక్క మాటతో దాచేపల్లి, నడికుడి కూలీలకు చట్టం ఇచ్చిన పని హక్కు పోయింది. పోయిందని తప్పెట కొట్టి చెప్పినవాడు లేడు. వచ్చిన పట్టణం గురించి మాత్రం సభలు జరిగినయ్, పూలదండలు పడినయ్.

ఈ వారం మనం మాట్లాడుకోవలసింది వార్డు కౌన్సిలరు గురించి. ఫలానా కౌన్సిలరు మంచివాడా చెడ్డవాడా అనేది కాదు మన ప్రశ్న. కౌన్సిలరు అనే మనిషికి ప్రజా సమస్యల మీద, ప్రభుత్వ విధానాల మీద ఒక అభిప్రాయం ఉండాలి గదా, ఆ అభిప్రాయాన్ని వ్యవసాయ కార్మికులు దేనితో కొలవాలి అన్నది ప్రశ్న.

ముందు కౌన్సిలు పుట్టుక చూద్దాం. నగర పంచాయతీ అయిన తర్వాత దాదాపు రెండేళ్ళు ఇక్కడ ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2021 ఫిబ్రవరిలో రాష్ట్రమంతా పంచాయతీ ఎన్నికలు జరిగినయ్, దాచేపల్లికి లేవు, ఎందుకంటే ఇది పల్లె కాదు. మార్చిలో మున్సిపల్ ఎన్నికలు జరిగినయ్, అప్పుడూ దాచేపల్లికి లేవు. చివరికి 2021 నవంబరు 15న పోలింగు జరిగింది. 20 వార్డులు. వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు 11, తెలుగుదేశానికి 7, జనసేనకు 1, స్వతంత్రునికి 1 వచ్చినయ్. గట్టి పోటీయే జరిగింది. డబ్బూ, పోలీసూ, పలుకుబడీ అన్నీ పనిచేసే పల్నాడులో ఇంత దగ్గర ఫలితం రావడం చిన్న విషయం కాదు, ఓటరు నోరు విప్పాడనే అర్థం. అయితే ఆ 20 వార్డుల్లో ఓట్లడిగిన పెద్ద పార్టీలేవీ "ఉపాధి పని పోయింది, దాని సంగతేంది?" అన్నదాన్ని ఎన్నికల సమస్యగా పైకి తేలేదు. 2024 ఎన్నికల తర్వాత రాష్ట్రంలో ఎన్నో మున్సిపాలిటీల్లో కౌన్సిలర్లు గుంపులుగా కండువాలు మార్చారు. కండువా మారిన చోట గూడా ఈ విషయంలో నోరు మాత్రం మారలేదు.

ఇక చట్టం సంగతి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే పథకం మొదలుపెట్టారు. 2008 ఏప్రిల్ నుంచి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నిటికీ వర్తింపజేశారు. ఆ చట్టంలో గ్రామీణ ప్రాంతం అంటే ఏమిటో రాసి ఉంది: పట్టణ స్థానిక సంస్థ పరిధిలోగాని, కంటోన్మెంటు బోర్డు పరిధిలోగాని లేని ప్రాంతం. నగర పంచాయతీ పట్టణ స్థానిక సంస్థ. అంతే, ఒక్క ముక్కతో తెగిపోయింది. జాబుకార్డు ఉన్నా అది పెట్టెలో దాచుకోవలసిన కాగితమే.

ఇక్కడ రాజ్యాంగం ఏమంటున్నదో గూడా చూడాలి. 74వ సవరణ 1993 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. అందులో నగర పంచాయతీ అంటే పట్టణమని రాయలేదు, పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతమని రాశారు. అంటే దారిలో ఉంది, ఇంకా చేరలేదు. అలా ప్రకటించేముందు జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయంతో పాటు వ్యవసాయేతర పనుల్లో ఎంతమంది బతుకుతున్నారన్నది గూడా గవర్నరు లెక్కలోకి తీసుకోవాలని స్పష్టంగా ఉంది. నడికుడి జంక్షను దగ్గర, అద్దంకి-నార్కెట్‌పల్లి రోడ్డు వెంట నాలుగు దుకాణాలు, సున్నపు బట్టీలు, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నమాట నిజం. వాటిలో పనిచేసేవాళ్ళున్నారు. కాని పొద్దున ఆరు గంటలకు ఎస్.సి., బి.సి. కాలనీల నుంచి ఆటోలు ఎటు పోతున్నయ్యో చూస్తే వ్యవసాయేతర పనుల వాటా ఎంతో లెక్కలు కట్టకుండానే తెలుస్తుంది. రాజ్యాంగమే "మారుతున్న ప్రాంతం" అంటుంటే, ఉపాధి చట్టం వచ్చేసరికి పూర్తి పట్టణమని లెక్కవేస్తున్నారు. దారిలో ఉన్నవాడి దగ్గర ముందే టిక్కెట్టు లాక్కున్నట్టుంది ఇది.

పోయింది ఎంత? ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలీ రేటు 2024-25లో రోజుకు 300 రూపాయలు, 2025-26లో 307 రూపాయలు. కుటుంబానికి 100 రోజుల పని చట్టం రాసిన మాట. 307 రేటున 100 రోజులంటే 30,700 రూపాయలు. నిజానికి 100 రోజులూ అందిన కుటుంబాలు ఎప్పుడూ తక్కువే, దేశం సగటు 50 రోజుల చుట్టుపక్కలే తిరిగింది. అయినా సగం వేసుకున్నా ఏడాదికి 15 వేల రూపాయలు. వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా పిల్లల చదువు గడవడానికి ఆ డబ్బు చాలు.

డబ్బు కంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. పల్నాడులో పని ఎప్పుడుంటుంది? పత్తితీతలు అక్టోబరు నుంచి, మిరపకోతలు జనవరి నుంచి, మార్చి ఏప్రిల్ దాకా. ఆ నెలల్లో మనిషి దొరకడు. ఆ తర్వాత చేలు ఎండిపోతయ్, వానలు పడిందాకా ఇంటి ముందు కూర్చోవడమే. ఉపాధి పని సరిగ్గా ఆ ఎండాకాలంలో దొరికేది. దానివల్ల జరిగిన మేలు కూలీ డబ్బు ఒక్కటే కాదు, బేరం చేసే శక్తి. ఇంటి దగ్గర ఒక పని ఉందన్న ధైర్యం ఉన్నవాడు "ఈ రేటుకి రాం" అనగలడు. ఆ ధైర్యం లేనివాడు పిలిచిన చోటికి, చెప్పిన రేటుకి పోవాల్సిందే. పైగా చేలో మగవాళ్ళకొక రేటు, ఆడవాళ్ళకొక రేటు. ఉపాధి పనిలో ఇద్దరికీ ఒకటే రేటు చట్టంలోనే ఉంది. ఆ పనికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే. కాబట్టి దాచేపల్లి పట్టణమైనందువల్ల ఎక్కువ నష్టపోయింది ఎవరని అడిగితే, భూమిలేని ఇళ్ళలోని ఆడవాళ్ళు అని చెప్పాలి.

ఈ సీజనులో కర్నూలు వైపు పడమటి మండలాల నుంచి పిల్లాజెల్లాతో కుటుంబాలు మిరపకోతలకొస్తయ్. కృష్ణ దాటి నల్గొండ జిల్లా నుంచి ఆటోల్లో వస్తారు. 2023 మేలో దామరచర్ల వైపు నుంచి గురజాల మండలానికి పనికొస్తున్న ఆటో మన దాచేపల్లి మండలం పొందుగల దగ్గరే ప్రమాదానికి గురై మహిళా కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలంలో మిరప కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు ఆడవాళ్ళు పోయారు. వలసవచ్చే కూలీ మనకు పోటీ అని ఎగదోసేవాళ్ళుంటారు. ఆ మాట వినొద్దు. ఊళ్ళో పని లేకనే వాళ్ళు ఇంతదూరం వస్తున్నారు. రేపు మన నడికుడి ఆడవాళ్ళు గూడా ఇట్లాగే ఇంకో జిల్లాకు ట్రాక్టరు ఎక్కే రోజు రాకూడదంటే, ఎండాకాలం నాలుగు నెలలు ఇంటి దగ్గర పని ఉండాలి.

కౌన్సిలర్లు, వాళ్ళ వెనకున్న పెద్దలు దీనికి సాధారణంగా చెప్పే జవాబు ఒకటుంది. పల్లెగా ఉంటే నిధులు రావు, పట్టణమైతే వస్తయ్, రోడ్లు పడతయ్, భూముల ధరలు పెరుగుతయ్ అని. ఇందులో నిజం లేకపోలేదు. మురుగు కాలవలు, వీధిలైట్లు, సిమెంటు రోడ్లు మన కాలనీలకు గూడా కావాలి, ఎవరూ వద్దనడం లేదు. పట్టణం కావడమే తప్పు అని నేను అనను. కాని భూముల ధరలు పెరుగుతయ్ అన్నచోట ఆగి ఆలోచించాలి. ఎవరి భూమి? హైవే పక్కన ఎకరాలున్నవాడిది. రెండు సెంట్ల ఇంటి స్థలం ఉన్నవాడు దాన్ని అమ్ముకొని ఎక్కడికి పోతాడు? వాడికి ధర పెరిగితే అద్దె పెరుగుతుంది, పిల్లాడికి పెళ్ళైతే ఇంకో రెండు సెంట్లు కొనడం కలలో మాట అవుతుంది. భూమి కౌలుకు చేసుకునే పేదరైతు పరిస్థితీ అంతే. చేలు ప్లాట్లవుతుంటే కౌలుకు భూమి దొరకదు, ఆ చేలో కూలీకి పని దొరకదు. పట్టణం వల్ల లాభపడేవాడూ, ఆ పట్టణానికి తన పనిదినాలతో ఖరీదు కట్టేవాడూ ఒకే మనిషి కాదు. ఈ మాట కౌన్సిలు సమావేశంలో చెప్పే నోరు ఒకటైనా ఉండాలి.

నోరు అన్నాను గనక ఇంకో నష్టం చెప్పాలి. దీన్ని గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పంచాయతీగా ఉన్నప్పుడు గ్రామసభ ఉండేది. సరిగ్గా జరిగేది కాదు, సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకునేవాళ్ళు, అన్నీ నిజమే. అయినా 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఓటున్న ప్రతి మనిషీ ఆ సభలో సభ్యుడు. ఉపాధి పనులకు సామాజిక తనిఖీ ఉండేది. మస్టరులో దొంగ పేర్లు రాసినవాణ్ణి జనం ముందు నిలబెట్టి అడిగిన సందర్భాలు మన రాష్ట్రంలో ఎన్నో ఉన్నయ్. నగర పంచాయతీకి గ్రామసభ లేదు. వార్డు కమిటీలు తప్పనిసరిగా ఉండాలని రాజ్యాంగం చెప్పింది మూడు లక్షల జనాభా దాటిన పట్టణాలకే. అంటే దాచేపల్లిలో కూలీ మాట ప్రభుత్వానికి చేరడానికి మిగిలిన దారి ఒక్క కౌన్సిలరే. ఒకప్పుడు పంచాయతీ మెంబరుకి అభిప్రాయం లేకపోయినా మనకు సభ ఉండేది. ఇప్పుడు కౌన్సిలరుకి అభిప్రాయం లేకపోతే మనకు ఏమీ లేదు. అందుకే అతని అభిప్రాయాన్ని ఇంతగా పట్టి అడగడం.

పల్నాటి చరిత్ర చెప్పేటప్పుడు బ్రహ్మనాయుడి చాపకూడు గురించి ప్రతి నాయకుడూ వేదికెక్కి చెబుతాడు. అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడని. కౌన్సిలు హాల్లో గూడా 20 కుర్చీలు ఒకే వరసలో ఉంటయ్. ఎస్.సి., ఎస్.టి., బి.సి. రిజర్వేషన్లూ, మహిళా రిజర్వేషనూ ఉన్నయ్. కుర్చీ దక్కింది, బాగానే ఉంది. కాని ఆమె బదులు భర్త మాట్లాడటం, అతని బదులు వెనకున్న పెద్ద మనిషి ఫోను చేయడం మన జిల్లాలో కొత్తేమీ కాదు. చాపలో చోటు దొరికినా విస్తట్లో ఏమి వడ్డించాలో ఇంకొకడు నిర్ణయిస్తుంటే దాన్ని చాపకూడు అనలేం.

కౌన్సిలరు చేతిలో ఏముంది, అంతా పైవాళ్ళదే అనే మాట గూడా వింటుంటాం. ఇది సగమే నిజం. పెన్షను, రేషను, ఇంటి స్థలం రాష్ట్ర ప్రభుత్వం నుంచి వస్తయ్. అమలు కమిషనరు చేస్తాడు. ఎమ్మెల్యే, ఎం.పి. కౌన్సిల్లో హోదా రీత్యా సభ్యులు, వాళ్ళ మాట బరువు వేరు. కౌన్సిలు చేసిన తీర్మానాన్ని రద్దు చేసే అధికారం గూడా ప్రభుత్వానికి ఉంది. ఇవన్నీ 1965 మున్సిపాలిటీల చట్టం పెట్టిన సంకెళ్ళే. అయినా అజెండాలో ఒక అంశం పెట్టించే హక్కు, ప్రశ్న అడిగే హక్కు, తీర్మానం ప్రతిపాదించే హక్కు, ఒప్పుకోకపోతే అసమ్మతి రాయించే హక్కు కౌన్సిలరుకు ఉన్నయ్. రాజ్యాంగం 12వ షెడ్యూలులో మున్సిపాలిటీలకు 18 విషయాలు అప్పగించారు. వాటిలో పట్టణ పేదరిక నిర్మూలన ఒకటి. "ఉపాధి మా పరిధిలోది కాదు" అన్న కౌన్సిలరు ఆ షెడ్యూలు చూడలేదన్నమాట.

పట్టణంలో పని హామీ అనేది గాలిలో మాట గాదు. త్రిపురలో 2009లోనే పట్టణ ఉపాధి పథకం పెట్టారు. కేరళ ప్రభుత్వం 2010లో అయ్యంకాళి పేరుతో పట్టణ ఉపాధి హామీ పెట్టింది, 100 రోజుల పని. అయ్యంకాళి ఎవరో మన కార్యకర్తలు తెలుసుకోవాలి. గత శతాబ్దం మొదట్లో తిరువాన్కూరులో దళిత పిల్లల్ని బడిలోకి రానివ్వకపోతే, అయితే మేమూ మీ చేలల్లో దిగం అని వ్యవసాయ కూలీల చేత సమ్మె చేయించిన మనిషి. ఆయన పేరు పట్టణ కూలీల పథకానికి పెట్టడంలో అర్థం ఉంది. కరోనా కాలంలో, 2020లో, ఒడిశా, హిమాచల్‌ప్రదేశ్ పట్టణ పనుల పథకాలు తెచ్చినయ్. 2022 సెప్టెంబరులో రాజస్థాన్ 100 రోజులతో మొదలుపెట్టి తర్వాత 125 రోజులకు పెంచింది, 2023లో చట్టం గూడా చేసింది. ప్రభుత్వం మారిన తర్వాత అక్కడ ఆ పథకం నీరసించింది. పథకమైతే పాలకుడి దయ, చట్టమైనా జనం కాపలా లేకపోతే అంతే అనడానికి అది రుజువు. 2021లో కార్మిక శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘం గూడా పట్టణాలకు ఉపాధి హామీ కావాలని సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం పట్టణ పేదలకంటూ ఉన్నది మెప్మా, పొదుపు సంఘాలు, బ్యాంకు లింకేజీ. అంటే అప్పు ఇస్తారుగాని పని ఇవ్వరు. పని లేనివాడికి అప్పిస్తే ఏం జరుగుతుందో మైక్రోఫైనాన్సు కంపెనీలు 2010లో మన రాష్ట్రానికి చూపించినయ్.

ఇంతలో ఢిల్లీ ఇంకో దెబ్బ కొట్టింది. 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 చట్టం స్థానంలో కొత్త చట్టం ఆమోదించింది. 125 రోజులు అని పైన రాశారు. కింద చూస్తే మన ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం భరించాలి, ఇంతకుముందు కూలీ డబ్బంతా కేంద్రమే ఇచ్చేది. వ్యవసాయ సీజనులో 60 రోజులు పనులు ఆపాలి. సీజనులో కూలీ దొరకడం లేదు, ఉపాధి పనులు ఆపండి అని పెద్ద భూస్వాములు ఎన్నేళ్ళనుంచో అడుగుతున్నది ఇదే. కూలీ పెంచమని అడగడానికి అనువైన రోజుల్లోనే ప్రభుత్వం రెండో పనిని మూసేస్తుంది. ఈ చట్టం పేరులోనే గ్రామీణ అని ఉంది కాబట్టి దాచేపల్లికి అదీ లేదు. పల్లెల్లో ఉన్న మన అన్నదమ్ములు ఉన్న హక్కును కాపాడుకోవడానికి పోరాడాలి, నగర పంచాయతీలో ఉన్న మనం లేని హక్కు కోసం పోరాడాలి. రెండూ ఒక పోరాటంగానే నడవాలి.

దీన్ని రైతుకు వ్యతిరేకమైన పోరాటంగా చిత్రించేవాళ్ళుంటారు. చిన్నరైతు, కౌలురైతు ఎట్లా నలిగిపోతున్నాడో మనకు తెలుసు. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టింది. పెట్టుబడులు పెట్టినవాడికి ఆ లెక్క కంటనీరే. కౌలురైతు నష్టానికి కారణం కోతకూలీ గాదు, మార్కెట్టూ, ఎరువుల మందుల కంపెనీలూ, భూమి యజమాని తీసుకునే కౌలూ. కూలీ చేతిలో నాలుగు డబ్బులాడితేనే ఊరి దుకాణం నడుస్తుంది. ఎండాకాలంలో పూడికతీస్తేనే ఆ రైతు కాలవకు నీళ్ళొస్తయ్. ఇద్దర్నీ తగవు పెట్టి చూసేవాడు ఎవరో ఇద్దరూ గమనించాలి.

పని తర్వాత మంచినీళ్ళు. కృష్ణా నది మండలం అంచునే పారుతుంది, ఊరి మధ్య నాగులేరు ఉంది, అయినా కాలనీలు బోరు నీళ్ళ మీద బతుకుతున్నయ్. 2024 వానాకాలం వెళ్ళీవెళ్ళకముందే దాచేపల్లి కాలనీల్లో వాంతులు, విరేచనాలు పాకినయ్, ప్రాణాలు పోయినయ్. అనుమానం నీటి మీదికే పోయింది, అధికారులు పరుగెత్తారు. ఆ ఏడాది పిడుగురాళ్ళలోనూ ఇదే గోల. పట్టణం పేరు వచ్చిన నాలుగేళ్ళకు గూడా పైపులో తాగేనీరు రాలేదంటే, పట్టణమైతే వస్తయ్యన్న నిధులు ఏ వీధికి పోయినయ్యో అడగాలి. ఇక్కడ కౌన్సిలర్లు తల్చుకుంటే అడగదగిన డబ్బు ఒకటుంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గనుల జిల్లాలో ఖనిజ నిధి పెట్టారు. గనివాళ్ళు ఆ నిధికి డబ్బు కట్టాలి, అందులో సగానికి పైగా మంచినీరు, వైద్యం, చదువు వంటి వాటికే ఖర్చుపెట్టాలి. సున్నపురాయి గనులున్న పల్నాడులో ఆ నిధి లేకుండా పోలేదు. దుమ్ము మన కాలనీలకు, నిధి ఇంకో ఊరి ఫంక్షన్ హాలుకు పోకుండా చూడవలసింది కౌన్సిలే.

పన్ను గురించి రెండే మాటలు. 2020లో చట్టం మార్చి 2021 నుంచి ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద కట్టే పద్ధతి పెట్టారు. భూమి రిజిస్ట్రేషను విలువ పెరిగితే పన్నూ పెరుగుతుంది, ఏడాదికి 15 శాతం మించకుండా అని ఒక కట్టడి పెట్టారు. అప్పుడే 375 చదరపు అడుగుల లోపు సొంత ఇంట్లో ఉండేవాళ్ళకు ఏడాదికి 50 రూపాయలే అని గూడా పెట్టారు. కూలీల ఇళ్ళలో చాలాభాగం ఈ కొలతలోకే వస్తయ్. నోటీసులో అంతకు మించి వేస్తే ఇల్లు కొలిపించమని వార్డు కౌన్సిలర్ని వెంటబెట్టుకొని పోవాలి. చెత్త పన్ను 2021లో వేసి జనం తిట్టిపోస్తే 2024 చివర్లో ఎత్తేశారు. పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతును 1922లో కాల్చిచంపిన ప్రాంతం మనది. పన్ను విషయంలో పల్నాటి జనానికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

కౌన్సిలు తీర్మానం చేయాలని మనం అడగవలసింది స్పష్టంగా ఉండాలి. నగర పంచాయతీలను ఉపాధి చట్టం పరిధిలో ఉంచాలి, లేదా రాష్ట్రం పట్టణ ఉపాధి చట్టం చేయాలి అని ప్రభుత్వానికి పంపే తీర్మానం ఒకటి. దానికోసం ఎదురుచూడకుండా నగర పంచాయతీ తన నిధులతో చేసే కాలవల పూడికతీత, కంపచెట్ల కొట్టివేత, మొక్కలు నాటడం వంటి పనులు యంత్రాల కాంట్రాక్టరుకు గాక వార్డు కూలీలకు ఇవ్వాలి, కనీస వేతనం ఇవ్వాలి అన్నది రెండు. కూలీ అడ్డా దగ్గర నీడ, మంచినీళ్ళు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి మూడు. ఇవేమీ విప్లవం కాదు. మొదటిదానికి పైసా ఖర్చులేదు. చేయకపోతే మాత్రం, ఎందుకు చేయలేదో ఆ కౌన్సిలరు వార్డులోకొచ్చి చెప్పాలి.

2021 నవంబరులో గెలిచిన కౌన్సిలుకు అయిదేళ్ళ గడువు 2026 నవంబరు దాకా. మళ్ళీ ఓట్లు వచ్చేనాటికి వ్యవసాయ కార్మికులు అభ్యర్థుల్ని అడగడమే గాదు, తామే నిలబడటం గురించి గూడా ఆలోచించాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులనే నిబంధన మనవాళ్ళను ఎంతోమందిని ఆపేసింది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తీసేసింది. ఆ సాకు ఇక చెల్లదు.

ఈలోపు చేయవలసిన పని ఒకటుంది, చదువొచ్చిన కుర్రవాడెవడైనా చేయవచ్చు. కౌన్సిలు నెలనెలా సమావేశం కావాలి, ప్రతి సమావేశానికీ మినిట్స్ పుస్తకం ఉంటుంది. ఇప్పటిదాకా జరిగిన సమావేశాల్లో ఉపాధి మీద, మంచినీటి పరీక్షల మీద, ఖనిజ నిధి మీద ఏ వార్డు కౌన్సిలరు ఏమి మాట్లాడారో, ఏమి తీర్మానించారో నకళ్ళు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద నగర పంచాయతీ కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేదలకు రుసుము లేదు, తెల్ల రేషను కార్డు జిరాక్సు జతచేయండి. దరఖాస్తు ఇచ్చినట్టు ముద్ర వేయించుకొని రెండో ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. నకళ్ళు చేతికొచ్చాక కాలనీలో సాయంత్రం పూట, ఆడవాళ్ళు పనినుంచి తిరిగొచ్చిన తర్వాత, బిగ్గరగా చదివి వినిపించండి.